పేజీ అంచున బొటనవేలు

ఆ వేసవిలో మా అమ్మను నేను పదకొండుసార్లు చెరిపేశాను. అమ్మ అని తెలియక చేసిన పనే. అయినా ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

అమ్మ పోయిన తొమ్మిది నెలలకు యూనివర్సిటీ వాళ్ళు ఆమె ఉద్యోగాన్ని నాకిచ్చారు. లైబ్రరీ కింది అంతస్తులో ఒక గది. బయటి వెలుతురు పడితే ఫోటోలు పాడవుతాయని కిటికీలకు నల్లగుడ్డ కట్టి ఉంటుంది. మధ్యలో పుస్తకాన్ని తెరిచి పడుకోబెట్టే చెక్క చట్రం, దాని పైన కెమెరాలు, దీపాలు, కింద కాలితో నొక్కే పెడలు. పేజీ తిప్పడం, పెడలు నొక్కడం, టక్. మళ్ళీ తిప్పడం, మళ్ళీ టక్. ఎనిమిదేళ్ళు అమ్మ చేసిన పని అదే. అందుకే అక్కడ అందరూ ఆమెను స్కానరమ్మ అనేవాళ్ళు. చేరిన రోజు నుంచీ నేను స్కానరమ్మ కూతుర్ని. నాకంటూ ఇంకో పేరుందేమోనని అడగాలని కూడా ఎవరికీ తోచలేదు.

రీసెర్చి చేసినవాళ్ళు యూనివర్సిటీకి ఇచ్చే థీసిస్‌లన్నీ ఒకప్పుడు ఇనపబీరువాల్లో తాళం వేసి ఉండేవి. ఒకటి చూడాలంటే ముగ్గురి సంతకాలు కావాలి, నలుగురిని బతిమాలాలి. ఇప్పుడు వాటిని పేజీ పేజీ ఫోటో తీసి ఇంటర్నెట్‌లో ఆర్కైవ్‌లో పెడుతున్నారు. ప్రపంచంలో ఏ మూల ఉన్నవాళ్ళయినా తెరిచి చదువుకోవచ్చు. ఈ పనంటే అమ్మకు ప్రాణం.

"ఒక మనిషి అయిదేళ్ళు కళ్ళు పోగొట్టుకుని థీసిస్ రాస్తే దాన్ని చదివేది ముగ్గురే," అనేది. "గైడు, పరీక్ష చేసినాయన, చెదపురుగు. అందులో చివరిదాకా చదివేది చెదపురుగొక్కటే."

చేరిన మొదటి రోజే ఆర్కైవ్ చూసే ఆఫీసరు మేడమ్ నన్ను పిలిచి పని అప్పజెప్పింది. "మీ అమ్మ స్కాన్ చేసి, చెక్ చేయకుండా వదిలేసిన థీసిస్‌లు నూట నలభై ఉన్నాయి. సెలవులయ్యాక యూనివర్సిటీ తెరిచే రోజుకి అన్నీ ఆర్కైవ్‌లోకి ఎక్కాలి. ఆ రోజే పాత ఫోటోలన్నీ డిస్కులోంచి తుడిచేస్తాం, కొత్తవాటికి చోటు కావాలి. నిన్ను పర్మనెంటు చేసే కాగితం మీద సంతకం కూడా ఆ రోజే."

గోడ మీద అమ్మ చేతిరాతతో రూల్సు అంటించి ఉన్నాయి. మూడోది: పేజీలో వేలు పడకూడదు. పడితే ఆ పేజీ మళ్ళీ తీయాలి.

పాత పుస్తకాల కుట్టు గట్టిగా ఉంటుంది, పేజీ పైకి లేస్తూ ఉంటుంది. దాన్ని బొటనవేలితో అదిమి, పెడలు నొక్కేలోపు వేలు లాగేసుకోవాలి. క్షణం ఆలస్యమైతే వేలు ఫోటోలో పడుతుంది. ఎనిమిదేళ్ళలో అమ్మ పేజీలో ఒక్క వేలు పడలేదని లైబ్రరీలో కథలుగా చెప్పుకుంటారు. అందుకే నలభై ఫైళ్ళు శుభ్రంగా దాటి, నలభై ఒకటో దాంట్లో కింద కుడి మూల ఒక వేలికొన కనిపించినప్పుడు నాకు అమ్మ గుర్తుకే రాలేదు. అమ్మ సెలవు పెట్టిన రోజుల్లో ఎవర్నో తెచ్చి కూర్చోబెట్టి ఉంటారనుకున్నాను. "చేతకాకపోతే ఇంట్లో కూర్చోవచ్చుగా," అని పైకే తిట్టాను. పుస్తకం తెప్పించి, ఆ పేజీ మళ్ళీ తీసి, వేలున్న ఫోటోను కంప్యూటరు చెత్తబుట్టలో పడేశాను. అలా పదకొండు. సాయంత్రం వెళ్ళేటప్పుడు చెత్త కూడా ఖాళీ చేసేదాన్ని. శుభ్రత నాకు కాస్త ఎక్కువ.

పన్నెండో వేలు మిగతావాటికంటే లోపలికి వచ్చింది. గోరు పూర్తిగా కనిపించింది. ఆ గోరు మధ్యలో నిలువునా చీలి ఉంది.

అమ్మ చిన్నప్పుడు ఆమె బొటనవేలు తలుపు సందులో పడి నలిగింది. ఆ తర్వాత ఆ గోరు ఎప్పుడూ రెండు ముక్కలుగానే పెరిగింది. చిన్నతనంలో ఆ చీలికలో దారప్పోగు దూర్చి అమ్మ చేత తిట్లు తినడం నాకు రోజూ ఉండే ఆట. దాన్ని లోకంలో ఇంకెవరి వేలనీ పొరపడలేను.

నేను చెత్త తెరిచి చూశాను. ఖాళీ. పదకొండూ పోయాయి. అమ్మకు ఫోటో దిగడమంటే అస్సలు గిట్టదు. ఇంట్లో ఉన్నది ఐడీ కార్డు మీది బొమ్మ ఒక్కటే, అందులో ఆమె ఎవరినో కొట్టడానికి వెళుతున్నట్టుంటుంది. అలాంటి మనిషి వేలిని పదకొండుసార్లు నా చేతులతో నేనే పారేశాను. అక్కడే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

గది మూల స్టూలు మీద బైండరు పుస్తకం కుడుతున్నాడు. స్కాన్ చేసేందుకు కుట్లు విప్పడం, అయ్యాక మళ్ళీ కుట్టడం ఆయన పని. అమ్మతో ఎనిమిదేళ్ళూ ఆ గదిలోనే ఉన్నాడు. లేచి వచ్చి అడిగాడు.

"ఏమైందమ్మాయ్?"

"ఇది అమ్మ వేలు."

"మీ అమ్మ పేజీలో వేలా? ఊరుకో." కళ్ళజోడు పెట్టుకుని తెర దగ్గరికి వంగాడు. చాలాసేపు చూశాడు. తర్వాత వెళ్ళి తన స్టూలు మీద కూర్చున్నాడు. సూదిలో దారం ఎక్కించడానికి అవస్థ పడ్డాడు.

అప్పుడు చట్రం మీది కెమెరా టక్‌మంది. నేను పెడలుకి నాలుగడుగుల దూరంలో ఉన్నాను.

"స్ప్రింగు వదులైంది," అన్నాడు బైండరు తల ఎత్తకుండా. "అప్పుడప్పుడూ దానికదే నొక్కుకుంటుంది."

ఇంట్లో నాన్న పరిస్థితి ఇది. ఆయన దర్జీ. మా ముందుగదే ఆయన షాపు. అమ్మ పోయిన దగ్గర్నుంచీ మిషను మీద కప్పిన దుప్పటి తీయలేదు. మాట్లాడడు. పెడితే రెండు ముద్దలు తింటాడు, పెట్టకపోతే అడగడు. ప్యాంటు జారిపోతుంటే నాడా కట్టుకున్నాడు, దర్జీ అయ్యుండి. ఆ మనిషి కూడా అమ్మ వెనకే వెళ్ళిపోతాడేమోనని నాకు పగలూ రాత్రీ ఒకటే బెంగ. అమ్మ చెల్లెలు, మా పిన్ని, రెండు వీధుల అవతల ఉంటుంది. రోజూ వచ్చి ఆయన్ని కదిలించి చూసేది.

"బావా, బళ్ళు తెరిచే రోజులొస్తున్నాయి. యూనిఫారాలకి మనుషులు వచ్చి వెనక్కి పోతున్నారు. ఆ మూలమీది దర్జీ కుట్టిన చొక్కా చూశావా? పిల్లాడు చెయ్యెత్తితే బొడ్డు కనిపిస్తోంది. ఊళ్ళో పిల్లలందర్నీ అట్లా తిప్పుతావా?"

నాన్న గోడకేసి చూస్తూ ఉండేవాడు. పిన్ని నాకేసి తిరిగి పెదవి విరిచేది.

ఆ పన్నెండో వేలిని అసలు సైజులో ప్రింటు తీసి ఇంటికి తెచ్చాను. తేకూడదు, తెచ్చాను. ఏమీ చెప్పకుండా నాన్న కంచం పక్కన పెట్టాను. ఆయన చూశాడు. చెయ్యి కడుక్కున్నాడు. మేకుకున్న టేపు తీసి, కాగితం మీద వేలి వెడల్పు కొలిచాడు, గోరు పొడవు కొలిచాడు.

"ఇంకా ఉన్నాయా?" అన్నాడు. తొమ్మిది నెలల తర్వాత ఆయన గొంతు విన్నాను. బొంగురుగా, వేరే ఎవరిదోలా ఉంది.

"ఉన్నాయి నాన్నా. ఫైలుకి రెండో మూడో ఉన్నాయి."

"తీసుకురా."

అప్పట్నుంచీ ప్రతి ఫైలు నుంచి ఒక ప్రింటు తెచ్చేదాన్ని. పగలు లైబ్రరీలో వేలున్న పేజీ మళ్ళీ తీసి, శుభ్రమైనది ఆర్కైవ్‌లోకి ఎక్కించేదాన్ని. వేలున్నది ఇంటికి. నాన్న వాటిని వరసగా ముందుగది గోడకి గుండుసూదులతో గుచ్చేవాడు. అన్నం పూర్తిగా తినడం మొదలుపెట్టాడు. గడ్డం గీసుకున్నాడు. నేను ఎంత మురిసిపోయానో! పిన్నికి ఫోన్ చేసి, "నాన్న కూర బాగోలేదని తిట్టాడు!" అని చెప్పుకున్నాను.

వారం పోయాక ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గోడ మీద సుద్దగీతలున్నాయి. బట్టల మీద గీసే నీలం సుద్ద. ప్రతి కాగితం కిందా ఒక అంకె.

"ఇటు రా," అన్నాడు నాన్న. "చూడు. ఇక్కడ గోరు. ఇక్కడ కణుపు. ఇక్కడికి వేలంతా వచ్చింది. ఇది నిన్నటిది, అరచెయ్యి కూడా పడింది. నువ్వు గమనించలేదూ?"

నేను గమనించలేదు. ఒక్కో పేజీని విడివిడిగా చూసేదాన్ని కదా, వరసగా ఎన్నడూ చూడలేదు. ఆ గోడ మీద చూస్తే మాత్రం దాచేదేమీ లేదు. కాగితం అంచులోంచి ఒక చెయ్యి, కాస్త కాస్తగా, లోపలికి వస్తోంది.

"ఫైలుకి పావంగుళం," అన్నాడు నాన్న. "కొలిచాను. ఇంకా ఎన్ని ఫైళ్ళున్నాయి?"

"అరవై రెండు."

ఆయన పెదవులు కదిలాయి. దర్జీలు గుడ్డ ఎంత కావాలో మనసులో లెక్కేసుకుంటారే, అట్లా. "అయితే సెలవులయ్యేసరికి భుజం దాటుతుంది," అన్నాడు. "తర్వాత ఇంకేముంది, మనిషే."

"నాన్నా, అవి కిందటేడు తీసిన ఫోటోలు. అంతే."

"నాకు తెలీదా?" అన్నాడు మామూలుగా. "కొలత కొలతే."

ఆ మర్నాడు తెచ్చిన ప్రింటులో మణికట్టు, దాని మీద నీలం కోటు చేతి అంచు కనిపించాయి. దుమ్ములో పనిచేస్తుందని అమ్మకు ఆ కోటు నాన్నే కుట్టిచ్చాడు. అంచు పీలికలైపోయి, దారాలు వేలాడుతున్నాయి.

నాన్న ఆ దారాల మీద వేలు పెట్టాడు. "దర్జీ పెళ్ళాం. చిరిగిన కోటు వేసుకుని తిరిగింది. నాకు చెప్పనే లేదు."

ఆ సాయంత్రం మిషను మీది దుప్పటి తీశాడు. నూనె వేశాడు. నీలం గుడ్డ పరిచి, కొలతలు చూసుకోకుండానే కత్తెర ఆడించాడు. అమ్మ కొలతలు ఆయన చేతుల్లోనే ఉన్నాయి.

పిన్ని ఆ గోడను మొదటిసారి చూసిన రోజు గుమ్మంలోనే ఆగిపోయింది. నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి చెవిలో అంది.

"ఏమిటే ఇది? గోడంతా చేతులేమిటే?"

"అమ్మవి."

"అవి మా అక్కవని నాకూ తెలుసు. అక్కడెందుకున్నాయని అడుగుతున్నా. ఆయన ఆ కోటు ఎవరికి కుడుతున్నాడు?"

నేను చెప్పేలోపే పిన్నికి అర్థమైంది. "వద్దే. ఆపేయవే. మనిషి తేరుకుంటున్నాడని సంబరపడ్డాం. ఇది తేరుకోవడం కాదు."

"ఆపేస్తే మళ్ళీ అన్నం మానేస్తాడు పిన్నీ."

"చివరి కాగితం దాకా వచ్చి, అక్కడ ఎవరూ లేకపోతే ఏం చేస్తాడు?"

ఆ ప్రశ్న నన్ను ఆ నెలంతా పీక్కుతింది. నిజానికి చివరి ఫైలు నా చేతిలోనే ఉంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు తెరిచి చూడొచ్చు. ఒకసారి నాన్నతో అన్నాను కూడా, ముందే చూసేద్దామా అని. ఆయన మిషను ఆపి నా వైపు కోపంగా చూశాడు. "తొందరపెట్టకు. వరసగా రానీ. ఆమె ఎప్పుడైనా ఒకరు తొందరపెడితే వచ్చిందా?"

అందులో చివరి మాట నిజమే. అమ్మను తయారవమని తొందరపెడితే ఇంకో అరగంట ఎక్కువ పట్టేది. నవ్వొచ్చింది, నవ్వలేకపోయాను.

ఇంకా పది ఫైళ్ళున్నాయనగా బైండరు నా బల్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో ఒక లావుపాటి థీసిస్. ధాన్యం గోదాముల్లో తేమ గురించి. నూట నలభయ్యోది అదే.

"అమ్మాయ్, దీనికి పాత ఫైలు తెరవకు. పుస్తకం కుట్లు విప్పి తెచ్చాను. మొదట్నుంచీ కొత్తగా తీసుకో. నేను పేజీలు తిప్పుతాను. ఒక్క రోజులో అయిపోతుంది."

"ఎందుకు?"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. జిగురు అంటుకుని ఎండిపోయిన తన వేళ్ళ వైపే చూసుకుంటూ చెప్పాడు.

"కిందటి వేసవి నుంచే ఆమెకి బాగుండేది కాదు. నిలబడలేకపోయేది. చెయ్యి బల్లకి ఆనించి, అలాగే వంగి పేజీలు తిప్పేది. రోజురోజుకీ ఇంకా వంగేది. వేళ్ళు పడుతున్నాయమ్మా అంటే, చెక్ చేసేటప్పుడు మళ్ళీ తీసుకుంటాలే అనేది. ఆ చివరి రోజు నేను టీకి వెళ్ళొచ్చేసరికి తెరిచిన పుస్తకం మీద తల పెట్టుకుని ఉంది. కాలు పెడలు మీదే ఉండిపోయింది. కెమెరా టక్ టక్‌మని తీస్తూనే ఉంది. నేను లేపలేదు. అలిసిపోయిందిలే, పడుకోనీ అనుకున్నాను. కాసేపటికి తనే లేచింది. ఎవరికీ చెప్పొద్దంది. నువ్వు వేలు చూపించిన రోజు తెలియనట్టు నటించానే గానీ చెప్పలేదు." ఆగాడు. "ఇంకో పదిహేను రోజులకి పోయింది. నేను ఆ రోజే మీ ఇంటికి వచ్చి చెప్పి ఉంటే..."

నాకు కోపం వచ్చింది. జాలి కూడా వేసింది. నేను అదే ఇంట్లో అదే మనిషి చేతి అన్నం తింటూ ఏమీ చూడలేదు, ఈయన్ని ఏమనను? "చివరి రోజు నాన్న వస్తానంటున్నాడు," అన్నాను. "ఆయన వచ్చాకే తెరుస్తాను."

యూనివర్సిటీ తెరవడానికి ముందురోజు నాన్న వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, చంకలో కాగితం పొట్లం పెట్టుకుని. పొట్లంలో నీలం కోటు ఉందని నాకు తెలుసు. గుండీలు తప్ప అంతా పూర్తయింది. గుండీలు ఆమె వేసుకుని చూశాక కుడతానన్నాడు, ఎక్కడ బిగుతవుతుందో చూడాలి కదా అని.

బైండరు లేచి నిలబడ్డాడు. నాన్న వెళ్ళి అమ్మ స్టూలు మీద కూర్చున్నాడు. పెడలుకి కాలు తగలకుండా పక్కకి పెట్టుకున్నాడు.

నేను ఫైలు తెరిచి ఒక్కో పేజీ ముందుకి తోశాను. మొదటి పేజీల్లోనే మోచెయ్యి దాకా ఉంది. కోటు చెయ్యి అక్షరాల మీద అడ్డంగా పడి ఉంది. యాభయ్యో పేజీకి భుజం. నాన్న తల ఊపాడు, తన లెక్క తప్పలేదని. తొంభై ఆరో పేజీ వచ్చింది. అక్కడ పేజీ లేదు. జుట్టు. నడినెత్తిన పాపిడి, దాని పక్కన నేను రంగు వేద్దామంటే వద్దని పోట్లాడిన తెల్లవెంట్రుకలు. అమ్మ తల పుస్తకం మీద ఉంది.

మీట నొక్కాను. అదే ఫోటో. మళ్ళీ నొక్కాను. అదే. పైనుంచి తీసిన అమ్మ తల, కదలకుండా, ఫోటో తర్వాత ఫోటో. మొత్తం యాభై ఎనిమిదని తెర మూలనున్న అంకె చెబుతోంది. ఇరవై, ముప్పై, నలభై. గదిలో మీట చప్పుడు తప్ప ఇంకేం లేదు. బైండరు గోడ వైపు తిరిగిపోయాడు. యాభై ఏడోదాని దగ్గర నా వేలు ఆగిపోయింది. నాకు ఇక చూడాలని లేదు.

నాన్న తెర దగ్గరికి వంగాడు. పొద్దున్నే పిలిచే గొంతుతో, మెల్లగా అన్నాడు.

"ఏమే. లే. ఇంటికెళదాం."

నేను నొక్కాను.

అమ్మ తల ఎత్తింది. చెంప మీద పుస్తకం అంచు గీత పడి ఉంది. కళ్ళు పూర్తిగా తెరిచి, పైకి, సూటిగా మా వైపు చూస్తోంది. ఎవరైనా పిలిస్తే, ఎవరా అని చూసే చూపు. తర్వాత ఇంకేం ఫోటోలు లేవు.

"నేను లేపలేదు," అన్నాడు బైండరు వెనక నుంచి. "ఒట్టు. ఆ రోజు నేను నోరే మెదపలేదు."

నాన్న చాలాసేపు ఆ ముఖాన్ని చూశాడు. ఆయన ఏడుస్తున్నాడని కాసేపటికి గానీ నాకు తెలియలేదు, చప్పుడు లేదు. అమ్మ పోయినప్పుడు కూడా ఏడవని మనిషి. "ఎంత అలిసిపోయింది," అన్నాడు. "ఎంత అలిసిపోయిందే."

తర్వాత చొక్కా చేతితో ముఖం తుడుచుకుని, తెర మీద తల కింద ఉన్న పేజీని చూపించాడు. "ఇక్కడేముంది? ఆమె తల కింద?"

"ఏదో పట్టిక నాన్నా. గోదాముల్లో తేమ లెక్కలు."

"ఎవరికైనా కావాల్సిందేనా?"

"ఎక్కడో ఎవరికో కావచ్చు. అందుకేగా పెట్టేది."

"అయితే తీసెయ్. శుభ్రంగా మళ్ళీ తియ్. తన మూలాన పేజీ కనపడలేదని ఎవరైనా అంటే ఆమె తట్టుకోలేదు."

"ఈ ఒక్కటీ ప్రింటు తీసివ్వనా?"

ఆయన ఆలోచించాడు. ఆశ పడ్డాడని నాకు తెలుసు. "వద్దు," అన్నాడు. "నిద్రలేచిన ముఖంతో ఫోటో ఏమిటని తిడుతుంది."

ఆ మధ్యాహ్నం బైండరు పేజీలు తిప్పాడు, నేను పెడలు నొక్కాను. తొంభై ఆరో పేజీలో ఇరవై గోదాముల పేర్లు, వాటి తేమ లెక్కలు ఉన్నాయి. మర్నాడు పొద్దున మేడమ్ నూట నలభై ఫైళ్ళూ తిరగేసి, "స్కానరమ్మ కూతురివనిపించావు," అంది. కాగితం మీద సంతకం పెట్టింది. నా కళ్ళముందే పాత ఫోటోలన్నీ డిస్కులోంచి తుడిచేసింది. అది పూర్తవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. నేను అక్కడే నిలబడ్డాను.

ఇంటికి వెళ్ళేసరికి గోడ ఖాళీగా ఉంది. యూనిఫారాల పని వచ్చి పడింది. నాన్న ఆ ప్రింట్ల వెనకవైపు కాలర్లు, జేబులు గీసి నమూనాలు కత్తిరించుకుంటున్నాడు. కాగితం మంచిది, పారేయడమెందుకన్నాడు. నీలం కోటు గుండీల్లేకుండానే మడతపెట్టి పెట్టెలో అడుక్కి పెట్టేశాడు. పిన్ని ఇల్లంతా కలయజూసి ఊపిరి పీల్చుకుంది. "బావా, ఈ చొక్కాకి చెయ్యెత్తితే బొడ్డు కనిపించదు కదా?" అంది. నాన్న నవ్వాడు. ఆ వేసవి అక్కడితో అయిపోయిందనుకున్నాను.

మూడు వారాల తర్వాత ఆర్కైవ్‌కి ఒక మెయిల్ వచ్చింది. ఎక్కడో దూరదేశంలో వంతెనలు కట్టే ఇంజనీరు. పాత వంతెనల తుప్పు మీద మేం పెట్టిన థీసిస్ తనకి ఎంతో ఉపయోగపడిందని, దాన్ని అందరికీ తెరిచిపెట్టినందుకు కృతజ్ఞతలని రాశాడు. చివర్లో ఒక మాట: ఎనభై ఎనిమిదో పేజీ కింద మూల ఎవరిదో వేలికొన పడింది, చదవడానికి అడ్డమేం లేదు, మీకు తెలియాలని చెబుతున్నాను, గోరు మాత్రం చీలి ఉంది, ఎవరికో దెబ్బ తగిలినట్టుంది, జాగ్రత్త.

ఆ థీసిస్ రాసిన అమ్మాయి దాన్ని యూనివర్సిటీకి ఇచ్చింది ఈ నెల్లోనే. బైండరు కుట్టింది పోయిన వారం. స్కాన్ చేసింది నేను. నా గోళ్ళు పదీ నున్నగా ఉన్నాయి.

పేజీ తెరిచాను. ఉంది. భయం వేసింది, కాదనను. ఆ భయం కింద ఇంకేదో ఉంది, దాన్ని సంతోషం అనడానికి సిగ్గుపడ్డాను. రూలు ప్రకారం ఆ పేజీ మళ్ళీ తీయాలి. అమ్మ చేతిరాతతో గోడ మీద ఉన్న రూలే. దాన్ని చూస్తూ కూర్చుని, ఏమీ చేయకుండా సాయంత్రం ఇంటికి వచ్చేశాను. ఆ పేజీ ఇప్పటికీ అలాగే ఉంది. ఎవరైనా తెరిచి చూడొచ్చు.

నాన్న మిషను మీద ఉన్నాడు. చెప్పకూడదనుకున్నాను. కాళ్ళు కడుక్కుని వచ్చేలోపే చెప్పేశాను. ఆయన పెడలు తొక్కడం ఆపలేదు. కుడుతున్న చొక్కా చెయ్యి చివరిదాకా వెళ్ళాక దారం తెంపాడు.

"ఎంత లోపలికొచ్చింది?"

"గోరు దాకానే."

"అయితే ఇంకా టైముంది," అన్నాడు నాన్న. లేచి వెళ్ళి పెట్టె తెరిచాడు. అడుగున ఉన్న నీలం కోటు తీసి దులిపాడు. డబ్బాలోంచి ఆరు గుండీలు ఏరుకుని, వెలుతురు కోసం గుమ్మం దగ్గరికి స్టూలు లాక్కున్నాడు.

నేను సూదిలో దారం ఎక్కించి ఇచ్చాను.